మూడు గ్రేవీలు

“పొయ్యి మీదున్న కూరని ఎంగిలి సేస్తావేటి? నా కళ్ళెదటే?”

“అది మనం తినే కూర కాదత్తా. పరీక్ష కూర.”

“పరీక్షదైతే? పొయ్యి మనది కాదా, గరిటి మనది కాదా? ఇరవయ్యేళ్ళు మెస్సులో వండేవు. ఒక్కనాడైనా నాలిక్కి తగిలించేవా?”

“తగిలించలేదు. అందుకే ఇప్పుడు నాకేటీ తెలీట్లేదు.”

ఈ తగువు మొదలై మూడు రోజులైంది. రోజూ టమాటాలు ఉడికే వేళకి రాజుకుంటుంది, గిన్నెలు దించే వేళకి చల్లారుతుంది. కృష్ణవేణమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, కోడలి చేతిలో గరిటె ఎప్పుడు నోటి వైపు తిరుగుతుందా అని కనిపెట్టుకుని ఉంది. కింద చాప మీద కూర్చుని జీడిపప్పు నానబోస్తున్న, సెలవులకి ఇంటికొచ్చిన లిప్సాకి నవ్వు ఆగలేదు.

“మామ్మా, అమ్మ వెళ్ళేది పోలండ్. అక్కడ మజ్జిగౌరమ్మ ఉండదులే.”

“ఉండదని నీకెవులు సెప్పేరే అమ్మీ? ఆవిడి కాడికెల్లి అడిగొచ్చేవా?”

జయంతి మంట తగ్గించింది. అత్తగారిది చాదస్తమని కొట్టిపారేయడానికి ఆమెకి నోరు రాలేదు. రాయగడ స్టేషన్ రోడ్డులో వాళ్ళ మెస్సు నడిచినన్నాళ్ళూ, ప్రతి కూరలోనూ మొదటి గరిటె గోడమీది మజ్జిగౌరమ్మ పటం ముందు పెట్టాకే మనుషులకి వడ్డించేవారు. అమ్మవారికంటే ముందు నాలుక ముట్టకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో జయంతి భయపడిపోయింది. రుచి చూడకుండా ఉప్పు ఎలా తెలుస్తుంది? అత్తగారే నేర్పింది. మూత తీసి ఆవిరిలోకి మొహం వంచాలి, కళ్ళు మూసుకోవాలి, మెల్లిగా గాలి పీల్చాలి. ఉప్పు చాలని కూరకి పచ్చి వాసన ఒకటి ఉంటుంది, సరిపోయిన కూరకి అది పోతుంది. ఏడాది తిరిగేసరికి అది ఆమెకి ఊపిరంత సులువైపోయింది. ఇరవై ఏళ్ళలో ఉప్పు తక్కువైందని ఇస్తరాకు ముందు కూర్చుని పెదవి విరిచినవాడు లేడు.

ఈ పరీక్షకి చేసే ఎర్ర గ్రేవీ దగ్గర ఆ విద్య చచ్చిపోయింది. జీడిపప్పు ముద్ద, మీగడ, పంచదార పడ్డాక ఆవిరి మూగదైపోతుంది. ఎంత వంగినా పాల వాసన తప్ప ఏమీ చెప్పదు. పైగా ఇంట్లో నలుగురిలో ఒక్కరూ ఆ కూర హోటల్లో తిని ఎరగరు. ఎలా ఉండాలో తెలియని కూరకి ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చెప్పాలి?

చెప్పకపోతే కుదరదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మెస్సు పోయి ఎనిమిది నెలలైంది. జయంతి భర్త అమర్‌నాథ్ గల్లాపెట్టె ముందు తప్ప ఇంకెక్కడా కూర్చోవడం రాని మనిషి. తోపుడుబండి మీద టిఫిన్లు పెట్టాడు, అదీ సాగలేదు. ఊళ్ళో కొత్తగా వెలిసిన హోటళ్ళన్నీ అద్దాల తలుపులు పెట్టి పనీరు, నాన్‌రొట్టెలు వడ్డిస్తుంటే, ఎండలో నిలబడి ఆవపెట్టిన అరటికాయ కూర తినేవాళ్ళు తగ్గిపోయారు. నెలాఖరుకి ఈ అద్దె వాటా కూడా ఖాళీ చేయాలి. చేసిన రోజున ఇల్లు నాలుగు ముక్కలవుతుంది. అత్తగారు గుణుపురంలో మరిది రఘు ఇంటికి. లిప్సా కోరాపుట్‌లో నర్సింగు చదువు మధ్యలో ఆపేసి ఏదో మందుల దుకాణానికి. అమర్‌నాథ్ యాభై మూడేళ్ళ వయసులో, బీపీ మాత్రలు జేబులో వేసుకుని, కూలీల గుంపుతో సూరత్ మిల్లుకి. జయంతి ఎవరింటి వంటకో. పోలండ్ ఉద్యోగం ఖాయమైతే దాన్ని చూపించి ఇంటివాళ్ళని గడువు అడగొచ్చు; ఆమె ఒక్కతే దూరమవుతుంది, మిగిలిన ముగ్గురికీ ఒక కప్పు మిగులుతుంది. ఆమె చూసుకున్న లెక్క అంతే.

ఆ ఉద్యోగం సంగతి తెచ్చినవాడు దుర్గారావు. కొల్నార మనిషి. లారీ మీద పనిచేసే రోజుల్లో రెండు పూటలా వాళ్ళ మెస్సులోనే తినేవాడు. నాలుగేళ్ళ కిందట పోలండ్ వెళ్ళి ఒక ఇండియన్ రెస్టారెంటులో వంటవాడయ్యాడు. పని ఎక్కువైంది, ఇంకో మనిషి కావాలని యజమానిని తనే అడిగాడు. మా ఊళ్ళో మా అక్క ఉందని తనే చెప్పాడు. పదిహేను రోజులుగా ఫోనులో వీడియో పెట్టి తనే నేర్పుతున్నాడు.

మొదటి పాఠం జయంతికి ఇంకా చెవుల్లోనే ఉంది.

“అక్కా, ఇక్కడ ఇండియా అంటే మూడు గ్రేవీలే. ఎరుపు, తెలుపు, పసుపు. సోమారం వండీసి, బకెట్లకెత్తీసి, ఫ్రీజర్లో ఎట్టీడమే. ఎర్రదాంట్లో ఎన్నముద్దేసి కోడేస్తే ఒక పేరు, పనీరేస్తే ఇంకో పేరు. అదే కోడి తెల్లదాంట్లో ఏస్తే మరో పేరు. మొత్తం పదకొండు పేర్లు.”

“మరి మనవో?”

“మనవేటి?”

“పనసపొట్టు ఆవ పెట్టింది, బెల్లం పులుసు, లేత ఎదురు కొమ్ముల కూర...”

దుర్గారావు తెర మీద కనబడకుండా పక్కకి తిరిగి నవ్వాడు. “మనవే కాదక్కా, ఎవులివీ లేవు. పక్క ఈదిలో బంగ్లాదేశోలది ఉంది, దానవతల నేపాలోలది. ముగ్గురి కాడా ఒకటే కూరల కాయితం. కుర్చీల రంగే తేడా.”

జయంతికి నమ్మబుద్ధి కాలేదు. రాయగడలో బండెక్కి పొట్టంగి కొండ దిగేలోపు రాగిపిండితో కాచే చోడి అంబలి రుచి మూడుసార్లు మారుతుంది. ఒకచోట పులుపు, ఒకచోట గంజి చిక్కదనం, ఒకచోట ఉల్లిపాయ కొరుకు. అంత దేశం అంత దూరం వెళ్ళి పదకొండు పేర్లు ఎలా అయింది?

పరీక్ష ఆ రోజే, మధ్యాహ్నం రెండు గంటలకి. అక్కడ అప్పుడు పొద్దుట. బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, జారిపోకుండా లిప్సా తన రిబ్బనుతో కట్టింది. తెర మీద తెల్ల ఏప్రనుతో దుర్గారావు, అతని పక్కన గడ్డం నెరిసిన యజమాని సేఠీ. ఆయన ఢిల్లీ మనిషి, హిందీలో మాట్లాడతాడు. మెస్సుకి వచ్చే రైల్వే వాళ్ళతో ఇరవై ఏళ్ళు మాట్లాడిన హిందీ జయంతికి సరిపోతుంది.

మూడు గిన్నెలు ముందు పెట్టుకుని, సేఠీ అడిగిన నాలుగు కూరలు ఇరవై నిమిషాల్లో తేల్చాలి. తెల్లది అయింది. పసుపుది అయింది. ఎర్రదాని మూత తీసి, అలవాటు చొప్పున జయంతి ఆవిరిలోకి మొహం వంచి కళ్ళు మూసుకుంది.

“ఆవిడ ఏం చేస్తోంది? దణ్ణం పెడుతోందా?” అన్నాడు సేఠీ. “చెంచాతో రుచి చూడమనండి. అది చూడందే నేను ఒప్పుకోను.”

గుమ్మంలో పీట కిర్రుమంది. జయంతి వెనక్కి చూడలేదు. చెంచా తీసుకుని, ముంచి, నోట్లో పెట్టుకుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పొయ్యి మీది కూర ఆమె నాలుక మీద పడింది.

“ఎలగుందక్కా?” దుర్గారావు ఆత్రంగా అడిగాడు.

“తియ్యగుంది.”

“ఎంత తియ్యగ?”

“సిన్నపిల్లలకి సేదు మందు తేనెలో కలిపెడతాం సూడు, అలగ.”

“ఇంకేటి! సరిపోయింది!” అని దుర్గారావు చప్పట్లు కొట్టాడు. సేఠీ కూడా నవ్వాడు. వెనక పీట ఖాళీ అయిన చప్పుడు, లోపలి గది తలుపు మూసుకున్న చప్పుడు జయంతికి వినబడ్డాయి. బాధపడడానికి వ్యవధి లేదు. నాలుగు గిన్నెలు వరసగా ఫోను ముందు పెట్టేసరికి పందొమ్మిది నిమిషాలైంది.

“పాస్,” అన్నాడు సేఠీ. ఫోను తన చేతిలోకి తీసుకుని, దుర్గారావుని ఉల్లిపాయల సంగతి చూడమని చెప్పి, వెనక తలుపు తీసుకుని పెరట్లోకి నడిచాడు. తెర మీద ఖాళీ పెట్టెలు, ఒక సైకిలు, తడిసిన గోడ కనబడ్డాయి. తలుపు గట్టిగా వేశాడు.

“అమ్మా, రేపు మధ్యాహ్నంలోగా మీ కాగితాలు పంపండి. పర్మిట్‌కి రెండు నెలలు పడుతుంది. మీరొచ్చిన రోజున దుర్గారావు వెళ్ళిపోతాడు.”

జయంతికి అర్థం కాలేదు. “సెలవు మీద వస్తున్నాడా?”

“సెలవు కాదు. నా దగ్గర ఒక్క వంటమనిషికే చోటుంది.”

“కాని అతను ఇద్దరు కావాలని అడిగాడు కదండీ. నా పేరు చెప్పింది అతనే కదా.”

“అతను అడిగాడు. నేను ఇద్దరని ఎప్పుడూ అనలేదు.” సేఠీ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “చలికాలంలో ఏం చేశాడో చెప్పాడా మీకు? నన్ను అడక్కుండా బెల్లం వేసి ఏదో పులుసు పెట్టాడు. స్పెషల్ అని పలక మీద రాసి నాలుగు బల్లలకి వడ్డించాడు. ఒక బల్ల వాళ్ళు బాగుందన్నారు. మిగతావాళ్ళు వెనక్కి పంపారు. ఒకతను ఇంటర్నెట్‌లో రాశాడు, ఇది ఇండియన్ ఫుడ్ కాదని. రాసింది ఎవరనుకున్నారు? ఇక్కడివాడు కాదు. గుర్‌గావ్ నుంచి వచ్చినవాడు. మళ్ళీ వద్దన్నాను. మళ్ళీ పెట్టాడు. మూడోసారి వెదురేదో నానబెట్టాడు, హాలంతా వాసన.”

“అది మా ఇళ్ళలో వండుకునేదేనండీ. చెడ్డది కాదు.”

“చెడ్డదని నేనన్నానా?” ఆయన ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు. “మా అమ్మ వాళ్ళది ముల్తాన్ వైపు. తామర తూళ్ళతో కూర చేసేది. చనిపోయేలోపు ఒక్కసారి తినాలని ఉంది నాకు. అదీ నా మెనూలో లేదు. నా అమ్మదే నేను పెట్టుకోలేదు, మీ ఊరిది ఎక్కడ పెడతాను?”

జయంతి ఎర్ర గిన్నె మీద మూత పెట్టింది.

“ఇంకో మాట. అతనికి ఇప్పుడే చెప్పకండి. చెప్తే రేపటినుంచి నా వంట పాడవుతుంది. అతనికి తెలిసిందని నాకు తెలిస్తే, మీ పర్మిట్ అక్కడితో ఆపేస్తాను. మీలాంటివాళ్ళ పేర్లు నా దగ్గర ఇంకా మూడున్నాయి.” ఆయన ఒంటిచేత్తో దణ్ణం పెట్టాడు. తెర నల్లబడింది.

లిప్సా రిబ్బను విప్పడం మరిచిపోయి చూస్తోంది. పక్క గదిలోంచి అంతా విన్న అమర్‌నాథ్ వచ్చి గోడకి ఆనుకున్నాడు. 

“పాసయ్యేవు. అది సూడు ముందు.”

“విన్నారుగా?”

“విన్నాను. ఇందులో మన తప్పేటుంది? వాణ్ణి తియ్యమని మనం సెప్పేమా? మనం కాకపోతే ఇంకోలెల్తారు. వాడి ఉజ్జోగం ఎలాగూ ఉండదు.”

“ఇప్పుడు చెప్తే రెండు నెలలుంటాయి నాన్నా,” అంది లిప్సా. “ఆలోగా ఇంకో హోటలు చూసుకుంటాడు. చెప్పకపోతే అమ్మ దిగిన రోజునే మూట సర్దుకోవాలి. ఆ దేశంలో ఉండనిస్తారో లేదో కూడా తెలీదు.”

“నువ్వు కోరాపుట్ వెళ్ళి చదవాలంటే ఎలగే మరి? ఆ సంగతి సెప్పు!” అమర్‌నాథ్ గొంతు లేచింది. “నీతులు సెప్పడానికి నాకూ వచ్చు. సూరత్‌లో పన్నెండు గంటలు నిలబడాల. నాకు మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతున్నాయి. ఆ సంగతి మీ అమ్మకి తెలుసు.”

లిప్సా తల దించుకుంది. రిబ్బను విప్పుతూ ఉండిపోయింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. కృష్ణవేణమ్మ గుమ్మంలోంచే అంది. “ఆ కొల్నార గుంటడు అన్నం తిన్నాక తన ఇస్తరాకు తనే ఎత్తీవోడు. డబ్బిచ్చి తిన్నోలు ఎవులైనా ఎత్తుతారేటి? ఆడొక్కడే ఎత్తీవోడు.”

“అయితే ఏటంటావమ్మా? మానీమంటావా?” అన్నాడు అమర్‌నాథ్.

ముసలావిడ తలుపు పట్టుకుంది. “నానేటీ అన్ను. రఘు పెళ్ళాం నాకు ముద్దలు లెక్కెట్టి ఎడతాది. ఆ ఇంటికి నన్నంపకండి.” అంతే. తలుపు మళ్ళీ మూసుకుంది.

జయంతి గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళింది. కుళాయి కింద జీడిపప్పు జిడ్డు ఎంతకీ వదలలేదు. పాస్ అన్న మాట వినగానే కడుపులో ఏదో వెచ్చగా పొంగింది. సేఠీ మిగతాదంతా చెప్పాక ఆ వెచ్చదనం పోవాలి కదా. పూర్తిగా పోలేదు. అడుగున ఇంకా ఉంది. తన మనసు అంత గట్టిదని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. అదే ఆమెని అన్నిటికంటే భయపెట్టింది.

సాయంత్రం ఫోను మోగింది. దుర్గారావు మాట రికార్డు చేసి పంపాడు. వెనకనుంచి గిన్నెల మోత, ఎవరో ఈల వేస్తున్న చప్పుడు.

“అక్కా! గెలిసేసేవు. సేఠీ నవ్వేడు సూసేవా? నాలుగేళ్ళలో రెండోసారి. నీకోసం అలమారులో ఒక అర కాళీ సేసేను. కిటికీ పక్క మంచం నువ్వు తీసుకో, నాను ఇటు పడుకుంటాను, మధ్యన గోడుందిలే. అక్కా, ఇద్దరం ఉంటే సేఠీని ఒప్పించొచ్చు. పదకొండు ఆళ్ళవి ఉండనీ, పన్నెండోది మనది ఎట్టిస్తాం. ఒక్కటి. ఒక్కటి సాలు. నాకీ మూడు రంగులు సూసి సూసి అన్నం సయించట్లేదక్కా. సిన్నమ్మికి కూడా ఫోను సేసి సెప్పీసేను. సంబరపడిపోయింది. నువ్వెప్పుడు బయలెల్తావో దానికో కబురెట్టు, నువ్వుల గుండ కొట్టి తెస్తానంది.”

చిన్నమ్మి అతని భార్య. కొల్నారలో పెంకుటింట్లో ఇద్దరు ఆడపిల్లలతో ఉంటుంది. కిందటి వారమే సంతకొచ్చి, దారి కాకపోయినా ఇటు వచ్చి, గుమ్మంలోనే నిలబడి మాట్లాడి వెళ్ళింది. ఆయన ఒంటరిగా ఉన్నాడు వదినా, నువ్వు వెళ్తే నాకు నిద్ర పడుతుంది, అంది.

జయంతి ఆ మాటలు మూడుసార్లు పెట్టుకుని వింది. నాలుగోసారి వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది. జవాబు రాయలేదు.

దీపాలు పెట్టాక నలుగురూ అన్నానికి కూర్చున్నారు. వేరే కూర చేసే ఓపిక ఎవరికీ లేదు. పరీక్ష కూరలే నాలుగు గిన్నెల్లో ఉన్నాయి. లిప్సా ఎర్రది కొంచెం కలుపుకుని, రెండు ముద్దలు తిని, నీళ్ళు తాగింది. అమర్‌నాథ్ తెల్లదీ పసుపుదీ వేసుకుని చూసి, “రెండూ ఒకలాగే ఉన్నాయేటి?” అని ఆగిపోయాడు. నవ్వుదామనుకున్నాడు గాని కుదరలేదు. కృష్ణవేణమ్మ ఏదీ ముట్టలేదు. మజ్జిగ పోసుకుని, ఉప్పురాయి అద్దుకుని తింటోంది. కోడలి కంచంలో ఏమీ కలపలేదని ముందు చూసింది ఆవిడే.

“తినవేటి?”

“తింటానత్తా.” జయంతి కంచం అంచు పట్టుకుని కూర్చుంది. “లిప్సా, నా కాయితాలు ఆ సేఠీకి ఈ పూటే పంపించీ. రేపటిదాకా ఉంచకు.”

అమర్‌నాథ్ కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఎండిన మొహంలోకి నెత్తురొచ్చినట్టయింది. లిప్సా మాత్రం తల్లి మొహం వైపే చూస్తోంది. 

“పొద్దున్న మొదటి బస్సుకి నేను కొల్నార ఎల్తాను,” అంది జయంతి.

మిగతా ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

“కొల్నార ఎందుకు?” అన్నాడు అమర్‌నాథ్, తెలిసే.

“సిన్నమ్మికి సెప్పాల. మీ ఆయన ఉజ్జోగం నేను తీసుకుంటన్నానని. ఆయనకి రెండు నెలలే ఉన్నాయని.”

“మతిపోయిందేటి నీకు? సాయంత్రానికి వాడికి తెలుస్తాది. ఎల్లుండికి సేఠీకి తెలుస్తాది. అంతా అక్కడితో సరి. నెలాఖరు ఎన్ని రోజులుందో తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి?”

జయంతి గొంతు పెంచలేదు. ఎప్పుడూ వడ్డన దగ్గర మాట్లాడే గొంతుతోనే, అందరికీ వినబడేలా, ఒక్కొక్కరినీ చూస్తూ చెప్పింది.

“ఆ ఉజ్జోగం నాక్కావాలండి. వదలను. సిన్నమ్మి నా కాళ్ళమీద పడ్డా వదలను. కాని సాటుగా మాత్రం తీసుకోను.”